గుంట రూపాయి

ధర్మవరంలో నేను లెక్కలు రాసే పట్టుచీరల దుకాణం పక్క సందులో ఒకాయన ఇప్పటికీ సాయంత్రాలు బాణలిలో ఇసుక కాచి బొరుగులు వేయిస్తాడు. ఆ కాలిన ఇసుక వాసన మా మెట్లెక్కి లోపలికి వచ్చినప్పుడల్లా నా చేతిలో కలం ఆగిపోతుంది. లేచి వెళ్లి పది రూపాయల బొరుగులు అడుగుతాను. ఆయన చెయ్యి చాపడు, బండికి వేలాడే చదరపు కోడు అట్టను గడ్డంతో చూపిస్తాడు. నేను దానికి ఫోను చూపిస్తాను, డబ్బు అందిందని ఎక్కడినుంచో ఒక ఆడగొంతు పలుకుతుంది. మా అవ్వ ఉండి ఉంటే ఆ గొంతును కూడా పళ్ల మధ్య పెట్టి కొరికి చూసేది.

అవ్వ మా నాయనను కన్న తల్లి. తొంభైల్లో పెనుకొండ బజారువీధిలో ఆమెకు బొరుగుల అంగడి ఉండేది. అంగడంటే పెద్దదేమీ కాదు, మా ఇంటి ముందు వసారాలో రెండు గంపలు, ఒక చేట, ఒక శేరు, ఆమె కూర్చునే గోనెపట్ట, ఆమె తొడ కింద దాగి ఉండే గల్లాపెట్టె. పొద్దున ఉగ్గాని చేసుకునే ఆడవాళ్లు వచ్చేవాళ్లు, ఎండాకాలం మధ్యాహ్నాలు చెనిక్కాయలు కలిపిన బొరుగుల కోసం బడి పిల్లలు వచ్చేవాళ్లు, దర్గాలో గంధం జరిగే రోజుల్లో హిందూపురం బెల్లంతో చుట్టిన బొరుగుల ఉండలు చేట మీద చేట ఖాళీ అయ్యేవి, ఊళ్లో ఎవరు పోయినా పాడె మీద చల్లడానికి మనిషి మొదట పరుగెత్తుకొచ్చేది ఆమె దగ్గరికే. సావు బేరంలో అవ్వ గీచిగీచి కొలిచేది. "పోయినోడు వచ్చి కొలత తక్కువని అడగడులే" అనేది, వచ్చినవాడి కళ్లలో ఇంకా నీళ్లు ఆరకముందే.

దీపాలు పెట్టే వేళకు గల్లాపెట్టెను గోనె మీద బోర్లించడం, బిళ్లలను రకాలవారీగా దొంతులు పెట్టడం నా పని. ఆ పనిలోనే నాకు వేట పట్టుబడింది. ఇనుమూ, చెమటా, బెల్లమూ కలిసిన వాసన వేళ్లకు అంటుకునేది. నూరు బిళ్లలు ఒకే రకంగా వేలి కింద జారిపోతూ ఉంటే ఎప్పుడో ఒకసారి బొటనవేలు ఆగేది. అంచు కొరికినట్టున్న పావలా, అచ్చు ఒక పక్కకు జారి సగం బోడిగా మిగిలిన అర్ధ రూపాయి, అంకె మీద అంకె పడి చూపు చెదిరినట్టు కనిపించే రూపాయి. టంకసాలలో యంత్రం ఏమరుపాటుగా చేసిన తప్పు అన్ని ఊళ్లూ, అన్ని చేతులూ దాటి నా వేలి కిందకి వచ్చిందనుకుంటే అరికాళ్లలో చల్లగా పాకేది. నెలల తరబడి ఏమీ దొరక్కపోయినా మర్నాటి సాయంత్రం కోసం అన్నం కూడా సరిగ్గా తినకుండా ఎదురుచూసేదాన్ని.

తరువాత కాలంలో వేట సులువైంది, దానికి కారణం అవ్వ కళ్లు. ఆమె కంట్లో పొర పెరిగిందన్న సంగతి ఊరికి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఏ అంగట్లోనూ తీసుకోని బిళ్ల ఒక చేతినుంచి ఇంకో చేతికి పోతూ, దాన్ని తిరగ్గొట్టలేని మనిషి దగ్గరికి చేరి ఆగిపోతుంది. ఈ లెక్క నాకు పదేళ్లకే అర్థమైంది. పెనుకొండలో ఆ మనిషి మా అవ్వ. పెద్దమనుషులు కూడా, ఎంతో ప్రేమగా పలకరించి, చెల్లని బిళ్లను ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి మరీ పోయేవాళ్లు. వాళ్లు నాలుగడుగులు వేశాక అవ్వ బొటనవేలికి సంగతి తెలిసేది. వాళ్ల ఏడు తరాలనూ తిట్టి ఆ బిళ్లను బిస్కట్ల డబ్బాలో వేసేది.

"నా కండ్లు పోయినాయని ఈ ఊరోళ్లు నాకంటగట్టిన దుడ్లే ఇవి. అన్నీ తిరిగి వాళ్లకే అంటగట్టనిదే నేను సావను" అనేది. ఆ డబ్బాలోంచి ఒక్క బిళ్ల కూడా నాకిచ్చేది కాదు.

అందులో ఒక రూపాయి ఉండేది. ఒక పక్క సింహాలు అన్ని రూపాయల మీద ఉన్నట్టే ఉబ్బెత్తుగా ఉంటాయి. తిప్పితే, అంకె ఉండాల్సిన చోట అవే సింహాలు, అద్దంలో చూసినట్టు ఎదురు తిరిగి, లోపలికి గుంటగా దిగి ఉంటాయి. ముందు కొట్టిన బిళ్ల అచ్చుకే అతుక్కుపోతే తరువాతి బిళ్ల అట్లా పడుతుందని నేను చాలా ఏళ్ల తరువాత తెలుసుకున్నాను. అప్పుడు మాత్రం అది గుంట రూపాయి. దాన్ని చూడాలంటే వెల కట్టాలి.

"ఏమే లెక్కల దానా, కాళ్లు పిసుకు, సూపిస్తా."

పిసికేదాన్ని. ఆమె దాన్ని నా అరచేతిలో పెట్టి, నేను తిప్పేలోపే లాక్కునేది.

"ఇయ్యవ్వా, అదొగటే అడుగుతాండా."

"నేను సచ్చినాక నీదేలే. లెక్కలు బాగా చేస్తావంట గదా, ఎప్పుడు సస్తానో లెక్క చేసి చెప్పు, డబ్బా తుడిచి పెడ్తా."

నేను నిజంగానే చేశాను. మా వీధిలో పోయిన ముసలివాళ్ల వయసులు అమ్మను అడిగి, కూడి, భాగించి, అందులోంచి అవ్వ వయసు తీసేస్తే నాలుగు మిగిలింది. చెబితే అవ్వ తాంబూలం చింది పొలమారేదాకా నవ్వింది. "నాలుగేండ్లు కాళ్లు పిసుకుతావా? పిసుకు, పిసుకు."

ఒకసారి బెల్లం కొనడానికి వెళ్తూ నాయన నన్ను హిందూపురం తీసుకెళ్లాడు. మార్కెట్టు గోడ వారన ఒకాయన పట్ట పరిచి చిల్లుకాణీలు, పాత రాగి కాసులు అమ్ముతున్నాడు. ఆయనకు గుంట రూపాయి గురించి చెప్పాను. ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేటట్టు, "ఏమప్పా, నీ బిడ్డకు కథలు బాగా నేర్పిచ్చినావే. ఉంటే తెచ్చి సూపిచ్చల్ల, లేకుంటే నోరు మూసుకోవల్ల" అన్నాడు. అందరూ నవ్వారు. నాయన నా నెత్తిన ఒకటి మొట్టాడు. ఆ రూపాయిని ఆయన పట్ట మీద పెట్టి, ఆయన మొహం చూడాలన్నది ఒక్కటే ఆ రోజు నుంచి నా కోరిక.

నా లెక్క తప్పింది. అవ్వ ఆ ఎండాకాలమే పోయింది. ఆమె పాడె మీద చల్లడానికి ఆమె గంపలోని బొరుగులే తీశారు. వాటిలో కలపడానికి చిల్లర కావాలి. నాయన గల్లాపెట్టె తెరవబోతే, మా చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు. "మంచి దుడ్లు యాల? ఎట్లాగూ పారబోసేటివే గదా, ఇవి సాలు" అని బిస్కట్ల డబ్బాను చేటలో గుమ్మరించాడు.

"అది నాది! అవ్వ నాకిస్తాననింది!" అని నేను చేట మీద పడ్డాను. అమ్మ నా నోరు మూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నన్ను గుండెకు అదుముకుని, "అయ్యో, అవ్వంటే ఎంత పానం దీనికి" అని నాతోపాటు ఏడ్చారు. తప్పెట్లు కదిలాయి. మా ఇళ్లల్లో ఆడపిల్లలు పాడె వెంట వీధి మలుపు దాటకూడదు, చల్లిన బిళ్లను ఇంటివాళ్లు ముట్టకూడదు. మలుపులో నిలబడి, చిన్నాయన పిడికిలి లేచినప్పుడల్లా తెల్లటి బొరుగుల మధ్య మెరిసేవి ఎక్కడెక్కడ పడుతున్నాయో చూస్తూ ఉండిపోయాను. వీధి పిల్లలు కాళ్ల సందుల్లోంచి దూరి ఏరుకుంటున్నారు.

మర్నాడు పక్కింటి ఓబులేసు గోడ మీదినుంచి తొంగి చూశాడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. "మీ అవ్వ సచ్చి కూడా మోసం చేసింది గదక్కా. ఒగ్గ బిళ్లా చెల్లలే."

"గుంట రూపాయి ఎవురి కాడ ఉండాదిరా?"

"నాకేం తెలుసు? అన్నీ పట్టాల మీద పెడ్తాండాం. బెంగళూరు బండి వచ్చే టైమైంది. వస్తావా?"

సూతకపు ఇంట్లోంచి ఎట్లా బయటపడ్డానో గుర్తులేదు. ఊరవతల పట్టాల దగ్గరికి చేరేసరికి పిల్లలు బిళ్లలన్నిటినీ వరసగా పేర్చి గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను ఒక కొసనుంచి మొదలుపెట్టాను. రెండు పక్కలా చూస్తేగానీ తెలియదు కాబట్టి ప్రతిదాన్నీ తిప్పాలి. పట్టా వేలు కాలేటంత వేడిగా ఉంది. సగం కూడా కాలేదు, బండి కూత వినబడింది. తిప్పుతూనే ఉన్నాను. ఓబులేసు నా జడ పట్టి వెనక్కి లాగాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ దూరాన్నీ ఆ వేగాన్నీ లెక్క వేసుకుని చూస్తుంటాను, నాకు ఇంకా సమయం ఉండింది.

బండి వెళ్లాక కంకరలో వెతికితే అన్నీ రేకుల్లా అణిగి ఒకే తీరుగా ఉన్నాయి. అంకెలు లేవు, సింహాలు లేవు, తప్పు అచ్చుకూ మంచి అచ్చుకూ తేడా లేదు. నేను ఏడుపు ఆపకపోతే ఓబులేసు ఒక రేకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇదేక్కా నీ గుంట రూపాయి. తీసుకో." మరోసారి హిందూపురం వెళ్లినప్పుడు దాన్నే ఆ కాసులమ్మే ఆయనకు చూపించాను. ఇటువంటివి తన పిల్లలు దినామూ చేస్తారంటూ దాన్ని రెండు వేళ్లతో వంచి నా ఒళ్లోకి విసిరాడు.

ఆ తరువాత నేను బిళ్లలు తిప్పి చూడటం మానేశాను. పదో తరగతి తప్పి, అంగళ్లలో కూర్చుని, చూసి చూసి లెక్కలు నేర్చుకుని ధర్మవరం చేరాను. ఇరవై ఏళ్లు ఈ గల్లా దగ్గర చిల్లర దొంతులు పెట్టాను. చేతులు వాటంతటవే పెట్టాయి, నేను చూడలేదు.

ఈ మధ్య ఇల్లు సర్దుతుంటే సూదుల డబ్బాలో ఆ రేకు కనబడింది. దుకాణానికి తెచ్చి జరీ తూచే కాటాలో వేశాను. సాగినా బరువు పోదు కదా. రూపాయి బిళ్ల ఐదు గ్రాములకు కొంచెం తక్కువ తూగుతుంది. ఇది నాలుగు కూడా లేదు. అర్ధ రూపాయి.

ఓబులేసు ఇప్పుడు ఎర్రమంచి ఫ్యాక్టరీ పనివాళ్లను చేరవేసే బస్సు నడుపుతున్నాడు. ఫోను చేసి, రూపాయని చెప్పి అర్ధ రూపాయి యాల ఇచ్చినావురా అని అడిగాను.

"అది ఇంగా పెట్టుకోనుండావా అక్కా?" నవ్వాడు. "నీ గుంట రూపాయి పట్టాల మీదికే రాలే. మీ అవ్వను ఇంగా పూడ్సకముందే ఐసు బండాయనకు ఇచ్చినా. పైన సింహాలు సూసి డబ్బాలో ఏసుకున్యాడు. అన్నిట్లో చెల్లింది అదొగటే."

"మరి ఒగ్గటీ చెల్లలేదంటివే?"

"చెప్పుంటే అందరూ ఐసులో వాటా అడగరా? నువ్వు ఏడుస్తాంటివి, చేతికొచ్చింది ఇచ్చినా."

ఐసు బండి నుంచి అంగడికి, అంగడి నుంచి కండక్టరు సంచికి, పెనుకొండ నుంచి ధర్మవరానికి. అది ఎన్నిసార్లు నా చేతి కిందుగా పోయి ఉంటుందో కాగితం మీద వేసి చూశాను. ఎంత తక్కువ వేసుకున్నా సున్నా రావడం లేదు. ఐసు బండ్లు పోయాయి. పాడె మీద ఇప్పుడు బొరుగులూ పూలే చల్లుతున్నారు, చిల్లర ఎవరి జేబులోనూ లేదు. చీరలు కొనేవాళ్లు ఫోను చూపించి పోతున్నారు.

మర్నాడు దుకాణం తెరవగానే గల్లాపెట్టె బోర్లించాను. అందులో రూపాయి బిళ్లలు ఏడు ఉన్నాయి. ఒక్కొక్కటే తిప్పాను. అన్నిటికీ రెండో పక్క అంకె ఉంది.