ఎడమ చేతి సాక్ష్యం

మొన్న మేనకోడలు నెల్లూరు నుంచి వస్తూ చేతులకు రాసుకునే లేపనం ఒకటి తెచ్చింది. గాజు సీసా, మూతకు నారతాడు, పచ్చటి ఆకు బొమ్మ, నూటికి నూరుపాళ్ళు ప్రకృతి సిద్ధమన్న హామీ. గన్నేరు పప్పు కూడా ప్రకృతి సిద్ధమే, తిని చూడమనండి! అలవాటు కొద్దీ కళ్ళద్దాలు పెట్టుకుని సీసా వెనక ఉన్న సన్నక్షరాలు చదవడం మొదలుపెట్టాను. తేనెమైనం, కొబ్బరినూనె, నిమ్మగడ్డి నూనె. మూత తీసి వాసన చూడగానే చదవడం ఆగిపోయింది. ఇందుకూరుపేట దగ్గరి మా వీధి, అక్క చేతులు గుర్తొచ్చాయి.

అక్క రొయ్యల షెడ్డులో పనిచేసేది. బావ పోయాక, ఎవరి పంచనా ఉండనని తనంతట తాను వెతుక్కున్న పని అది. ఐసు ముక్కల్లో చేతులు పెట్టి పొద్దుగూకేదాకా రొయ్యలు వలవాలి, మధ్యమధ్య బ్లీచింగు నీళ్ళలో చేతులు ముంచాలి. వేళ్ళ సందులు ఎండిన చెరువులా పగిలేవి. రోజూ పొద్దున గేటు దగ్గర సూపర్‌వైజరు చేతులు తిప్పి చూసేవాడు. పుండు కనిపిస్తే ఇంటికే. అక్కను రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి పంపితే ఇక రానక్కర్లేదన్నాడు.

మా పక్కిల్లు సైకిలు మీద కోవూరుదాకా తిరిగే అత్తరు వ్యాపారిది. ఆయన భార్యను మేమంతా పిన్నీ అనేవాళ్ళం. ఆవిడ వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం, కొబ్బరినూనె కరిగించి, దించి, గోరువెచ్చనయ్యాక నిమ్మగడ్డి నూనె చుక్కలు వేసి చిన్న డబ్బాల్లో పోసేది. షెడ్డుకెళ్ళే ఆడవాళ్ళంతా కొనుక్కునేవాళ్ళు. అక్కా తెచ్చుకుంది. అప్పట్లో నేను చర్చావేదికల మీద తాయెత్తులనూ విభూతినీ ఉతికి ఆరేసే మనిషిని. గిన్నె దించేటప్పుడు పిన్ని పెదవులు కదిపేది. నాకు అంతే చాలింది. మంత్రమా? లేక మందుల షాపు పూతమందేదైనా గుట్టుగా కలుపుతోందా? నిలదీశాను.

"బిస్మిల్లా అనకుండా నేను అన్నం కూడా వండనబ్బయ్యా. దానికీ మైనానికీ ఏంది సంబంధం?" అంది. నేను నమ్మలేదు.

పరీక్ష పెట్టాను. కుడి చేతికి మైనం రాయాలి, ఎడమ చేతికి ఏమీ రాయకూడదు, పది రోజులు. "నీ పిచ్చంతా నా చేతుల మీదేందిరా?" అని గొణిగినా అక్క ఒప్పుకుంది. నేను రోజూ రెండు చేతులూ చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. పదో రోజుకు రెండూ సమానంగా మానాయి. ఇంకేం కావాలి! పంపు దగ్గర నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందరి ముందూ, పిన్ని వింటుండగానే, ఏమీ రాయని చెయ్యి కూడా మానింది గనక ఈ మైనం వట్టి మోసమని ఉపన్యాసం దంచాను. పిన్ని బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అక్క డబ్బాను నేనే పారేశాను.

రెండు వారాలకే అక్క చేతులు మళ్ళీ నెత్తురోడాయి. గేటు దాకా వెళ్తే మూడోసారి అవుతుందని పనికి పోకుండా అరుగు మీద కూర్చుంది.

"ఏమీ రాయకుండా ఆ ఎడమ చెయ్యి అప్పుడెట్టా మానిందక్కా?" అన్నాను.

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "కుడి చేతికి దేంతో రాసుకోవాల్రా, కాలితోనా?"

పది రోజులూ మైనం తీసి రాసింది ఆ ఎడమ చేతి వేళ్ళే. ఎదుటివాడి వాదంలో సూదిబెజ్జమంత సందున్నా పట్టే నాకు ఈ సంగతి తట్టనే లేదు.

పిన్ని వాళ్ళ గడపలో నిలబడి తప్పు నాదేనన్నాను. "నన్ను అనుమానించేదానికి వచ్చినావు గానీ, ఎట్టా రాసుకోవాలని ఒక్కమాటన్నా అడిగినావా?" అంటూనే పొయ్యి వెలిగించింది. "రా, దగ్గర కూర్చో. ఏమేస్తున్నానో చూసి రాసుకో. మళ్ళీ పంచాయితీ పెట్టబోకు." వారం తిరక్కుండా అక్క చేతులు గేటు దాటి లోపలికి వెళ్ళాయి.

పంపు దగ్గర మళ్ళీ నిలబడి నా పరీక్షే తప్పని చెప్పాను. ఆడవాళ్ళు నవ్వారు, తలలూపారు. "ఏమోన్నా, మోసమని మీరే అంటిరి గదా," అని ఒకామె అననే అంది. పిన్ని డబ్బాలు మునుపటిలా అమ్ముడుపోలేదు. నా అనుమానం ఆ వీధిలో నాటుకోవడానికి ఒక్క పూట పట్టింది. దాన్ని పెకలించడానికి పిన్ని బతికినంత కాలమూ చాలలేదు.