పేర్ల గడిలో మేడమ్ పేరు ఉండాలి

మేడమ్ గురువారం పోయారు. శుక్రవారం మట్టి ఇచ్చి వచ్చాం. శనివారం పొద్దున్నే మా డైరెక్టర్ ఆమె డ్రాయింగ్ మీద ఆమె పేరు తీయించి తన పేరు పెట్టించుకున్నాడు. దీన్ని దొంగతనం అంటారు. ఇంతకన్నా మెత్తటి మాట నాకు దొరకలేదు.

ఆ డ్రాయింగ్ ఏమిటో చెప్పాలి. వెంట్రుకంత గాజు తీగల్లో మన ఫోన్ మాటలు వెలుగై పరుగెత్తుతాయి. ఆ వెలుగును ఒక తీగ నుంచి మరో తీగకు మళ్లించాలంటే, ఆవగింజకన్నా చిన్న అద్దాన్ని సిలికాన్ మీద చెక్కి కరెంటుతో వంచాలి. సికింద్రాబాద్‌లోని మా చిన్న ల్యాబ్‌లో మేడమ్ నాలుగేళ్లు గీసింది ఆ అద్దాన్నే. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వచ్చేవారు. ఎవరైనా పౌడర్ రాసుకుని వస్తే గుమ్మంలోనే ఆపేవారు. "మొహం కడుక్కొని రా నాయనా. నీ అందం నా అద్దానికి దుమ్ము."

అద్దాలను కడిగాక, నీటిని ఆల్కహాల్‌తో పూర్తిగా తప్పించి అప్పుడే ఆరబెట్టాలి. లేకపోతే ఆరే నీరు అద్దాన్ని కిందికి లాగి అతికించేస్తుంది. ఒకరోజు ఏదో నిరసన సభలో మాట్లాడాలన్న తొందరలో నేను ఆ పని సగంలో వదిలి హాట్‌ప్లేట్ మీద పెట్టేశాను. మర్నాడు చూస్తే ఒక్క అద్దమూ కదలలేదు. నెలల పని!

"ఏంది, నీ కోపం మీద ఆరబెట్టినవా?" అన్నారు మేడమ్.

"నన్ను తీసెయ్యండి మేడమ్."

"తీసేస్తే ఎవరు కడుగుతరు? కూసో."

అంతలో డైరెక్టర్ వచ్చి "ఎవడి తప్పిది?" అని అరిచాడు.

"నా డ్రాయింగ్‌ది సార్. తొందరపడే చేతిని సుత అది తట్టుకోవాలె గద," అన్నారామె.

ఆ వారమే అద్దం అడుగున సన్నని బుడిపెలు గీశారు. ఇక అద్దం వంగినా పూర్తిగా ఆనదు, అతుక్కోదు. కాగితం మూలన పేర్ల గడిలో తన పేరు కింద నా పేరు రాశారు.

"నేనేం చేసిన మేడమ్?"

"చెడగొట్టినవు. లేకుంటే నాకెట్ల తెలుస్తుండె?"

నిన్న డైరెక్టర్ గదికి వెళ్లి అడిగాను. "నీ పేరు ఉంచిన కదా, ఇంకేం పరేషాన్? పోయినామెకు ప్రమోషన్ కావాల్నా?" అని నవ్వాడు. అతని పెన్నే తీసుకుని బల్ల మీది డ్రాయింగ్‌లో నా పేరు కొట్టేశాను.

సోమవారం పది గంటలకు ఆ డ్రాయింగ్ తయారీకి వెళ్లిపోతుంది. తర్వాత ఎవరూ మార్చలేరు. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, సైనిక్‌పురిలో ఆమె ఇరుగుపొరుగువాళ్లు, అందరూ సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు కంపెనీ గేటు ముందుకు రండి. ల్యాబ్ వాళ్లం తెల్ల కోట్లతో బయటే నిలబడతాం. డైరెక్టర్ ఆమె పేరున్న కాగితం తెచ్చి చూపించేదాకా లోపల ఒక్క అద్దమూ కడగం.