బీబమ్మ ఇంటి జీను

నా చిన్నప్పుడు, నిజామాబాద్‌లోని మా గల్లీ మొత్తంలో, తాను బతికే ఉన్నానని సర్కారుకు ఏటా చూపించుకోవలసిన మనిషి ఒక్కరే ఉండేవారు. మిగతా వాళ్ళం బతికున్నా లేకున్నా సర్కారుకు పట్టింపు లేదు. ఆ ఒక్కరు మా పక్కింటి బీబమ్మ. ఆమె భర్త నిజాం సర్కారు గుర్రపు ఫౌజులో సవారు. పెద్ద లడాయికి సముద్రం దాటి వెళ్ళాడు. ఆయన తిరిగి రాలేదు, ఆయన గుర్రపు జీను వచ్చింది. తర్వాత బీబమ్మకు పింఛను వచ్చింది. ఆమె పొయ్యి దాని మీదే వెలిగేది.

ఏడాదికోసారి కచేరీ నుంచి మున్షీ వచ్చి ఆమెను చూసి రాసుకుపోవాలి. చూడటమంటే నిజంగా చూడటం కాదు. బీబమ్మ పర్దా మనిషి. ఆమె పర్దా వెనక, ఆయన వసారాలో. మొహం చూడకూడదు గనక గొంతు విని గుర్తుపట్టేవాడు. అదేమంత కష్టం కాదు. వసారాలో బల్ల మీద ఆ జీను ఉండేది. నడిచొచ్చిన అలసటలో మున్షీ దాని మీద కూర్చోబోయేవాడు. బీబమ్మ వేసే కేకకు గల్లీ చివర మేకలు కూడా లేచి నిలబడేవి.

ఒక ఏడాది జ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆమె గొంతును తీసుకుపోయింది. చెవి దగ్గర పెడితే గుసగుస వినిపించేది, అంతే. పర్దా వెనక వేరెవరినో కూర్చోబెట్టారని మున్షీ అనుకుంటే పింఛను ఆగిపోతుంది. సాక్ష్యం చెబుదామంటే గల్లీలో మగవాళ్ళెవరూ ఆమె మొహం చూడలేదు. ఆడవాళ్ళ మాట ఎవరు వింటారని మా అవ్వే తేల్చేసింది. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమెకు తోచిన ఉపాయం ఏడుపు.

"మున్షీ రాంగనే కాళ్ళ మీద పడి ఏడువే పోరీ. ఆయనకు జాలి పుట్టాలె."

"నాకు ఏడుపొస్తలేదవ్వా."

"ఎట్లొస్తది? పొద్దుందాక పండ్లికిలిచ్చుడే నీ పని" అంటూ నా చేతిలో ఉల్లిగడ్డ ముక్క పెట్టింది.

మున్షీ వచ్చాడు, పలకరించాడు. పర్దా వెనక నుంచి గుసగుస. "జర గట్టిగ చెప్పమ్మా" అన్నాడు. మళ్ళీ గుసగుసే. ఆయన కలం ఆగిపోయింది. అవ్వ నన్ను గిల్లింది. నేను ఉల్లిగడ్డను కళ్ళకు రుద్దుకున్నాను. బోధన్ చెరకు తోటల పక్కన పండిందో ఏమో, దానికి ఘాటే లేదు. ముక్కు మాత్రం కారింది. "ఈ పోరికి సర్ది అయినట్టుంది, లోపలికి తోల్కపోండ్రి" అన్నాడు మున్షీ. మా నాటకం అక్కడితో సమాప్తం.

ఆయన కాసేపు పర్దా వంక చూశాడు. తర్వాత కలం చెవి మీద పెట్టుకుని, ఖాళీగా ఉన్న పీటను దాటి వెళ్ళి, నింపాదిగా జీను మీద కూర్చున్నాడు. "అబ్బ, ఎంత సుకమున్నది" అని గట్టిగానే అన్నాడు.

పర్దా కింది నుంచి చెప్పు వచ్చింది. వచ్చి ఆయన మోకాలికి తగిలింది.

"సచ్చినంరా దేవుడా" అని అవ్వ గోడకు చేరగిలబడింది. మున్షీ లేచాడు, మోకాలు రుద్దుకున్నాడు, రాయవలసింది రాశాడు. "ఆమెనే, శక్ లేదు. సర్కారు మనిషి మీదికి ఇంకెవ్వరు ఇసుర్తరు?" అని, ఆ చెప్పును జాగ్రత్తగా పర్దా కిందికి తోసి, సలాం చేసి వెళ్ళిపోయాడు.

నేను లోపలికి పరుగెత్తాను. "ఆయన కోపానికొచ్చి పింఛను ఆపితే ఎట్ల, బీబమ్మా?"

ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, తన దుపట్టాతో నా ముక్కు తుడిచి, చెవిలో చెప్పింది. "ఎట్లాపుతడు బేటీ? భిక్షమేస్తున్నడా? మా ఆయన పానం వెట్టి కమాయించిన సొమ్ము గది. ఏడ్చి తీసుకుంటే మా ఆయనదెట్లయితది?"

ఇప్పుడు నేనూ ముసలిదాన్నే. మా ఆయన కూడా ఫౌజులోనే చేశాడు. ఆయన పోయాక, బతికే ఉన్నానని ఏటా పింఛను దఫ్తరుకు వెళ్ళి చూపించుకోవడం నా వంతయింది. అక్కడ చేతులు కట్టుకుని నిలబడే ఆడవాళ్ళను చూస్తే నా చెవిలో ఆ గుసగుస వినిపిస్తుంది. కుర్చీ లాక్కుని కూర్చుంటాను. మా కోడలు నాకు పట్టీలు బిగించుకునే కొత్త చెప్పులు కొనిపెట్టింది. బాగానే ఉంటాయి గానీ, దఫ్తరుకు మాత్రం పాతవే వేసుకుపోతాను. అవి తొందరగా ఊడొస్తాయి.