గాలిలో వెళ్ళిన క్రిస్మస్ శుభాకాంక్షలు

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఊరికి ఒక్క మాట చేరాలంటే ఉత్తరం వేసి వారాల తరబడి కాచుకు కూర్చోవాలి. అలాంటి కాలంలో బహ్రెయిన్ ఎడారిలోంచి గోదావరి జిల్లాలతో రేడియోలో మాట్లాడిన మొనగాణ్ణి నేను. (ఇందులో సగం కొట్టేయండి. అవాలి అనే ఆయిల్ కంపెనీ ఊళ్ళో మా ఇంజనీరు గడ్డం దొర ఇంట్లో సొంత రేడియో సెట్టుండేది. సరదాకి దేశదేశాల వాళ్ళతో మాట్లాడేవాడు. ఇసుక గాలి లేచినప్పుడల్లా మేడెక్కి ఆయన ఏరియల్ కర్ర నిలబెట్టడం నా పని. మైకు నేనెన్నడూ ముట్టుకోలేదు.)

పండగలొస్తే దొర మావాళ్ళ శుభాకాంక్షలు కూడా పంపేవాడు. ఆయన చదివితే బొంబాయిలో ఒకాయన రాసుకుని, రాజమండ్రిలో సెట్టున్న లెక్చరరుకి వినిపించేవాడు. ఆ లెక్చరరు కార్డు మీద రాసి పోస్టు చేసేవాడు. జవాబు ఉంటే అదే దారిన వెనక్కి వచ్చేది. షరతల్లా ఇంగ్లీషులో ఉండాలి, ఇరవై అయిదు మాటలు దాటకూడదు. ఆ ఇంగ్లీషు చేసేవాణ్ణి మాత్రం నేనే. (ఇది నిజం.)

ఒక డిసెంబరులో మా క్యాంపు వంటాయన నా దగ్గరికి వచ్చాడు. భీమవరం వైపు మనిషి, అందరం బాబాయ్ అనేవాళ్ళం. చేపల చెరువు గట్టు మీద మాటామాటా పెరిగి, సొంత అన్నగారి మీద చెయ్యి చేసుకుని గల్ఫు వచ్చేశాడు. ఆనాటి నుంచీ ఈయన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొస్తున్నాయి.

"కార్డయితే విప్పే పనిలేదు కదరా, రాత కూడా నాది కాదు. కన్ను పడితే చదివేస్తాడు. 'అన్నయ్యా, పండగ శుభాకాంక్షలు. తప్పు నాదే. జనవరిలో వస్తాను, గుమ్మం ఎక్కనిస్తావా?' అని రాయి."

"ఇంత ఏడుపుగొట్టుగానా బాబాయ్! గల్ఫులో ఉన్నావు, కాస్త దర్జా ఒలకబోయొద్దూ?"

"దర్జా నీ ఇష్టం. తప్పు నాదేనన్నది మాత్రం పోకూడదు."

ఒలకబోశాను. బాబాయ్ పెద్ద వంటవాడైపోయాడు, చేతికింద పదిమంది చేరారు (ఉన్నది ఒక్క మలయాళీ, వాడూ మాట వినడు), దొరలంతా ఆయన కూర కోసం బారులు తీరారు, జనవరిలో ఊరికి వేంచేస్తున్నారు. దొర వేలు పెట్టి లెక్కపెట్టి, ఎక్కువైంది, ఏదో ఒకటి తియ్యమన్నాడు. ఆ పదిమందినీ తియ్యడానికి నాకు మనసొప్పలేదు. తప్పునీ, గుమ్మాన్నీ కొట్టేశాను.

"తప్పు నాదేనని పెట్టావా?" అన్నాడు బాబాయ్.

"మొట్టమొదటే పెట్టాను."

వారం తిరక్కుండా జవాబొచ్చింది. బాబాయ్ లుంగీకి చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. తెలుగు చేసి చదివాను: "సంతోషం. మా ఇల్లు చిన్నది. గొప్పవాళ్ళు టౌన్లో లాడ్జిలో దిగడం మంచిది."

"తప్పు నాదేనన్నా ఇంతేనా," అన్నాడు బాబాయ్. వెళ్ళి సెలవు రద్దు చేసుకొచ్చాడు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. మధ్యాహ్నం బాబాయ్ హమూర్ చేప పులుసులోంచి తలకాయ ముక్క ఏరి నా కంచంలో వేశాడు. "నాకోసం శ్రమపడ్డావురా అబ్బాయ్" అన్నాడు. నిజాన్ని దాంతోపాటే మింగేశాను. (బాగుంది కూడా.)

ఆ తర్వాత బాబాయ్ ఊరెళ్ళింది అన్నగారు పోయారని కబురొచ్చాకే.

మాటలు పెంచే జబ్బు నాకు ఈ వయసులోనూ తగ్గలేదు. కాకపోతే ఎవరైనా తమ తరఫున ఫలానా వాళ్ళకి ఒక్క ముక్క చెప్పమంటే, ఆ ముక్క ముందు అప్పజెప్పేసి, నా కవిత్వం ఆ తర్వాత మొదలుపెడతాను. వినేవాళ్ళు సగంలో లేచిపోయినా ఇప్పుడు నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.