కొండెక్కకముందే తీరిన మొక్కు

నా చిన్నప్పుడు మా అమ్మ అన్నం తినగా నేను ఎప్పుడూ చూడలేదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అమ్మ వండడం చూశాను, వడ్డించడం చూశాను, గిన్నెలు తోమడం చూశాను. తినడం మాత్రం నా కంట పడలేదు. పిల్లలకేముంది, తమ కడుపు నిండితే లోకమంతా తిన్నట్టే. అమ్మలకు అసలు ఆకలి వెయ్యదు కాబోలు అనుకునేదాన్ని.

మాది పామర్రు దగ్గర ఓ నేతగాళ్ళ ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి మా తాతయ్యది, ఒకటి మా నాన్నది. పొద్దున్నే గుంటలో కాళ్ళు పెట్టారంటే మధ్యాహ్నం దాకా టకటకలే. వాళ్ళిద్దరూ మగ్గం దిగి కాళ్ళు కడుక్కుని వస్తే ముందు వాళ్ళకు పీటలు వేసేవారు, బడి లేని రోజున వాళ్ళ పక్కన నాకూ ఒకటి. వాళ్ళు లేచాక మా నాయనమ్మ తినేది. నాయనమ్మ తిని, ఆకూ వక్కా నోట్లో వేసుకుని, నులక మంచం మీద నడుం వాల్చాక అప్పుడు అమ్మ వంతు. వంతు అయితే వచ్చేది గానీ కూర రావద్దూ? గిన్నె అడుగున గీకితే వచ్చినంత కూర, కుండకు అంటుకున్న చల్లటి అన్నం, మీద ఇన్ని చారునీళ్ళు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ సామెత కట్టినవాడు ఎప్పుడూ కడబంతిలో కూర్చుని ఉండడు. అక్కడ వడ్డించేవాడూ ఉండడు, వడ్డించడానికీ ఏమీ ఉండదు.

అలాగని మా నాయనమ్మ గయ్యాళేమీ కాదు. ఊళ్ళో ఎవరింట్లో పురుడొచ్చినా ముందు పరిగెత్తేది ఆవిడే. కానీ పద్ధతంటే పద్ధతే. ఆవిడ అత్తగారు అలా పెట్టింది, ఆవిడ అలాగే తింది, కోడలూ అలాగే తినాలి. నలుగురి తగువులు తీర్చే మా తాతయ్య కూడా వంటింటి గడప దగ్గరికొస్తే పిల్లిలా అయిపోయేవాడు. ఇక మా నాన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. అత్తాకోడళ్ళ మాట వస్తే చాలు, మగ్గం చప్పుడు పెంచేసేవాడు.

ఆ ఏడు మా తమ్ముడు పుట్టాడు. వానలు వెనకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి అమ్మ చిక్కి సగమైపోయింది. ఓ రోజు మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ రాట్నం మీదికే ఒరిగిపోయింది. పిల్లాడేమో పాలు చాలక గుక్కపట్టి ఏడుపు. ఎత్తుకుంటే బొమ్మంత బరువు కూడా ఉండేవాడు కాదు. పామర్రు డాక్టరుగారికి చూపిస్తే ఆయన నాడి చూసి, కళ్ళు చూసి, “జబ్బేం లేదండీ. ఈవిడకి మందు అన్నమే. వేళకి, వేడివేడిగా, కడుపునిండా పెట్టండి. లేదంటే తల్లీ పిల్లాడూ ఇద్దరూ దక్కడం కష్టం” అన్నారు.

ఆ మాటకు నాయనమ్మ కూడా భయపడింది. మర్నాటి నుంచి కోడలికని ఓ గరిటెడు పప్పు విడిగా తీసి పెట్టేది. కానీ వరస మాత్రం మార్చలేదు. మగవాళ్ళ కంటే ముందు కోడలు తినడమా, ఎవరైనా వింటే నవ్విపోరూ అనేది. ఆ తీసిపెట్టిన పప్పునేమో అమ్మ సాయంత్రం మళ్ళీ నాకే కలిపి పెట్టేది. తాతయ్య ఇదంతా చూశాడు. గడ్డం గోక్కున్నాడంతే. ఆయన గడ్డం గోక్కున్నాడంటే బుర్రలో ఏదో నేస్తున్నాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

దసరాలకు బెజవాడ కొట్టుకు చీరలు ఇచ్చి రావాలి. ఎప్పుడూ తాతయ్యా నాన్నే వెళ్ళేవారు. ఆసారి మాత్రం అందరం వెళ్దామన్నాడు తాతయ్య. దుర్గమ్మ దర్శనం అనేసరికి నాయనమ్మ ముఖం చాటంత అయింది. దారిలోకని పులిహోర కలిపి మూట కడతానంటే, పాడైపోతుందని తాతయ్యే మాన్పించాడు. అప్పుడైనా ఆవిడకు అనుమానం రావాల్సింది!

ఎర్రబస్సులో కిటికీ పక్క సీటు నాదే. ఇటు కాలవ, అటు పొట్టకొచ్చిన వరి, ఉయ్యూరు దగ్గర మనిషెత్తు చెరకు. వానలు కడిగిన ఆకాశం మా తాతయ్య పంచె నీలి అంచులా తళతళలాడుతోంది. నా సంబరం ఇంతా అంతా కాదు.

కొట్లో చీరలు ఇచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. తాతయ్య మమ్మల్ని కొండ వైపు కాకుండా తిన్నగా గవర్నరుపేటలో ఓ భోజన హోటలుకు తీసుకెళ్ళాడు. అమ్మవారిని చూడకుండా తిండేమిటని నాయనమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పాలిచ్చే తల్లిని ఖాళీ కడుపుతో కొండెక్కిస్తే అమ్మవారికే కోపమొస్తుందని తాతయ్య లోపలికి నడిచాడు. లోపల ఆడవాళ్ళున్నవాళ్ళకు విడిగా గుడ్డ తెర కట్టిన గది, అందులో పొడుగాటి బల్ల. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నేను నోరు తెరిచి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వడ్డించే ఆయన వచ్చి అరిటాకులు వేశాడు. భారీ మనిషి, భుజాన తువ్వాలు. వేసి తలెత్తి చూస్తే కుర్చీల్లో తాతయ్య, నాన్న, నేను. నాయనమ్మా అమ్మా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. అమ్మ చంకలో పిల్లాడు. ఆకుల ముందు మగవాళ్ళు కూర్చుంటే తాము నిలబడాలన్నది వాళ్ళ కాళ్ళకే అలవాటైపోయింది మరి. పాపం ఆయన కంగారుపడి, “అయ్యో, కుర్చీలు చాల్లేదాండీ?” అని పక్క గదిలోంచి ఇంకో రెండు మోసుకొచ్చాడు. ఉన్నవే ఖాళీగా ఉన్నాయి! తాతయ్యకు నవ్వాగక దగ్గొచ్చింది.

ఎలాగో కూర్చున్నారు. అమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. నాయనమ్మ కుర్చీ అంచున, ఇప్పుడే లేస్తాను అన్నట్టు. అన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి, దొండకాయ వేపుడు, మీద కమ్మటి నెయ్యి పడ్డాయి. నాన్న ఆకులో పప్పు కాస్త తక్కువైనట్టు అనిపించిందో ఏమో, నాయనమ్మ లేచి ఆ వడ్డించే ఆయన చేతిలో గరిటె లాక్కుని కొడుక్కి వెయ్యబోయింది. “అమ్మగారండీ, ఆ గరిటె ఇటిచ్చెయ్యండి. మా ఓనరుగారు చూశారంటే మిమ్మల్ని పనిలో పెట్టుకుని నన్ను ఇంటికి పంపించేస్తారు” అన్నాడాయన. నాయనమ్మ సిగ్గుపడి కూర్చుంది గానీ ముద్ద ముట్టదు. మగవాళ్ళ భోజనం కాలేదు కదా! నాయనమ్మ ముట్టకపోతే అమ్మ ముట్టదు. పొగలు కక్కే అన్నం ఎదురుగా పెట్టుకుని అమ్మ తల వంచుకుని కూర్చుంది. ఆ అన్నం కూడా చల్లారేదాకా చూడాల్సిందేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు తాతయ్య తన చేయి ఆకు మీంచి వెనక్కు తీసుకున్నాడు. “ఒసే, నేను దుర్గమ్మకి మొక్కుకున్నానే. ఇంటిల్లిపాదీ ఒకే బంతిలో కూర్చుని మొదటి ముద్ద ఒక్కసారే నోట్లో పెట్టుకుంటామని. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే మొక్కు చెల్లదు. కొండెక్కకముందే తీర్చాలి. పసివాడి కోసం మొక్కాను, ఇక నీ ఇష్టం” అన్నాడు.

నాయనమ్మ ఆయన వంక చూసింది, పిల్లాడి వంక చూసింది. చెంపలు వేసుకుని పప్పన్నం కలిపింది. తాతయ్య ‘ఊఁ’ అన్నాడు. ఐదుగురం ఒక్కసారే ముద్ద నోట్లో పెట్టుకున్నాం. పండగంటే నాకు ఇప్పటికీ అదే.

ఆ తర్వాత మా అమ్మ అన్నం తింది. నేను నా ఆకు మానేసి అమ్మనే చూశాను. గోంగూర కలుపుకుని, ఉల్లిపాయ ముక్క కొరికి, కళ్ళు సగం మూసుకుని ఎంత ఇష్టంగా తిన్నదో! మధ్యలో పిల్లాడు రాగం ఎత్తుకున్నాడు. అమ్మ అలవాటుగా ఎంగిలి చేత్తోనే లేవబోయింది. నాయనమ్మ ఎడమ చేత్తో ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది. పిల్లాణ్ణి తన ఒళ్ళోకి లాక్కుని, అమ్మ ఆకు వైపు అలా చూస్తూ ఉండిపోయింది.

“నీకు గోంగూరంటే ఇంత ఇష్టమా అమ్మాయ్?”

“అవునత్తయ్యా.”

“పదేళ్ళయింది నువ్వొచ్చి. నాకు తెలీనే తెలీదే!” అంది నాయనమ్మ. “నేనేం తింటానో మా అత్తకీ తెలీదులే” అని కళ్ళొత్తుకుని, వెంటనే తలెత్తి గట్టిగా కేకేసింది. “ఏవయ్యా, ఇలా రా! ఈ పిల్లకి పచ్చడి వెయ్యి, నెయ్యి వెయ్యి. చేయి వెనక్కి లాక్కోకు, పాలిచ్చే తల్లి!”

దుర్గమ్మను చూసి రాత్రికి ఇల్లు చేరాం. మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో నాయనమ్మే ఐదు పీటలు వేసింది. గిన్నెలన్నీ వంటింట్లోంచి తెచ్చి నడుమ పెట్టింది. మొక్కు నిన్ననే తీరిందిగా అని నాన్న నసిగితే, “అమ్మవారి దగ్గర రోజులు లెక్కపెడతావురా?” అని కసిరింది. తాతయ్య గడ్డం గోక్కోకుండా బుద్ధిగా కూర్చున్నాడు. కార్తీక దీపాలు పెట్టే నాటికి మా తమ్ముడి చేతులకు మడతలు పడ్డాయి. అమ్మ రాట్నం తిప్పుతూ కూనిరాగాలు తీసేది.

నాకు పెళ్ళీడు వచ్చాక తాతయ్యను అడిగాను, ఆ మొక్కు ఎప్పుడు మొక్కావని. “మీ నాయనమ్మ గరిటె లాక్కుందే, అప్పుడు” అని పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. ఆయన పోయాక ఓసారి ఈ రహస్యం నాయనమ్మకు చెప్పాను. ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. “ఆ మాత్రం తెలీదటే నాకు! అమ్మవారికి దణ్ణం కూడా పెట్టుకోకముందే తీరిపోయే మొక్కు ఎక్కడైనా ఉంటుందా? పద్ధతి మార్చాలని నాకూ ఉందే. మార్చడానికి నాకో సాకు కావాలి. మహానుభావుడు ఇచ్చాడు” అంది.

ఇప్పుడు మా ఇంట్లో కోడలు పొయ్యి దగ్గరే తచ్చాడుతుంటే మనవలు కంచాల ముందు చేతులు పైకెత్తి “మొక్కు! మొక్కు!” అని అరుస్తారు. ఆమె వచ్చి కూర్చునేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నా కళ్ళు ముందు వంటింటి గుమ్మం వైపే వెళ్తాయి. అక్కడ ఎవరైనా గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, ఎంత కమ్మగా వండినా సరే, ఆమె వచ్చి నా పక్కన కూర్చుంటే తప్ప నాకు ముద్ద దిగదు.