మక్కలు ఆరబోసిన సైకిలు దారి

“నీ మక్కలు ఎత్తు. మీ బావ సైకిలు ఏడికెల్లి పోవాలె?”

“రోడ్డు మీదికెల్లి పోతడు. ఇన్నేండ్లు పోలేదా అక్కా? విమానాలు వచ్చినంక ఆయన దొర అయిండా?”

“గా ఇనుప జాలి ఎందుకు కొట్టిన్రు? కార్లు అటు, మనం ఇటు పోతందుకే. మక్కలు పోస్తే పోసినవ్, సుట్టూ రాళ్లెందుకు పెట్టినవ్?”

“పెట్టకపోతే తొక్కుకుంట పోతరు. నా వాకిలంత బురద. నీ నెత్తి మీద ఆరబోయాల్నా?”

నాకు ఇలా ఎదురు చెప్పింది నా యారాలు, మా మరిది భార్య. శంషాబాద్‌లో మా ఇళ్లు పక్కపక్కనే. విమానాశ్రయం వచ్చాక మా ముందున్న రోడ్డును వెడల్పు చేశారు. మా ఆయన తెల్లవారకముందే సైకిలుకు పాల క్యాన్లు కట్టుకుని చాయ్ హోటళ్లకు వెళ్లేవాడు, సాయంత్రం మళ్లీ వెళ్లేవాడు. వెనుక నుంచి వచ్చే బండి కుడిపక్కగా దాటుతుంది. ఆయనకు కుడి కన్నే మసక. ఆపరేషన్ మాటెత్తితే పాలెవరు పోస్తారని కసిరేవాడు. కొన్నేళ్లకు సైకిళ్లకూ నడిచేవాళ్లకూ పక్కన సిమెంటు దారి వేసి, మధ్యలో జాలి కొట్టారు. అప్పటినుంచి ఆయన కోసం వాకిట్లో నిలబడడం మానేశాను. నిలబడితే ఇంటి పని ఎవరు చేస్తారు?

కానీ మావాళ్లకు నున్నటి సిమెంటు కనిపిస్తే అది కల్లమే. వాన తెరిపి ఇవ్వగానే యారాలు ఆ దారి నిండా ఒలిచిన మొక్కజొన్న మక్కలు పోసింది. నా మక్కలు కూడా ఇంట్లో చెమ్మపట్టి ఉన్నాయి. అయినా పోయలేదు. దారి మూసుకుపోతే, జాలి తెగిన చోట ఆయన రోడ్డు మీదికి దిగాల్సిందే.

ఆ సాయంత్రం ఆయన దించిన క్యానుకు పెద్ద సొట్ట ఉంది.

“ఏందిది?”

“ఏం లే. కారు అద్దం జర తాకింది.”

సామాను పాడుచేస్తే ఊరుకునేదాన్ని కాదు. కానీ అది ఆయన కాలి పక్కనే వేలాడే క్యాను. అప్పుడే పోయి యారాలితో ఆ కొట్లాట పెట్టుకున్నాను గానీ ఆ సొట్ట సంగతి మాత్రం చెప్పలేదు. చెప్తే చెడును నా నోటితో పిలిచినట్టవుతుందని భయం. ఆమె మక్కలు ఎత్తలేదు.

“రేపు పొద్దుగాల పోకు,” అన్నాను ఆయనతో.

“పాలన్నీ నువ్వే తాగుతవా?” అన్నాడు.

కళ్లు మూస్తే ఆ రాళ్లే కనిపించాయి. వాటిని తప్పించుకుని రోడ్డు దిగే మనిషి, వెనుక నుంచి లైట్లు.

తెల్లవారకముందే చీపురు పట్టుకుని ఆయన కంటే ముందు నడిచాను. రాయి ఎత్తిన చప్పుడుకు యారాలు దీపం పట్టుకుని బయటికి వచ్చింది.

“నా మక్కలు ముట్టకు అక్కా,” అంటూ వచ్చి, నా వెనుక సైకిలు పట్టుకుని నిలబడ్డ ఆయనను చూసింది. క్యానును చూసింది. దీపం దగ్గరికి తెచ్చి ఆ సొట్టను మళ్లీ చూసింది. నా చేతిలో చీపురు తీసుకుని, మక్కలను జాలి వైపు నెట్టింది. నేను రాళ్లు జరిపాను. సైకిలు హ్యాండిల్ పట్టేంత దారి అయింది. ఆయన ఆ దారినే వెళ్లాడు. నేను ఇంటికి వచ్చి, ఆయన తిరిగి వచ్చేదాకా వాకిట్లో నిలబడ్డాను.