ఒక పుటకు ఎనిమిది బీడీలు

కేరళలో కణ్ణూరు దగ్గరి ఆ బీడీ షెడ్డులో కుట్టాప్పు బీడీ చుట్టి ఇరవై రెండేళ్లయింది. అతని వంతు బీడీలను మిగతా ముప్ఫైమందీ తలా కొన్ని చుట్టి పెట్టేవారు. బదులుగా అతను ఎత్తుబల్ల మీద కూర్చుని వాళ్లకు చదివి వినిపించాలి. పొద్దున పేపరు, మధ్యాహ్నం గంజి తాగాక వారపత్రికలో సీరియల్. కల్లుగీత కార్మికుడి కొడుకు, అయిదో తరగతితో బడి మానేశాడు. గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసిందే.

కొత్త సీరియల్‌కు అక్కడ మూడు వారాలే గడువు. మూడో భాగం అయిపోగానే, వద్దనుకున్నవాళ్లు ఆకు కత్తిరించే కత్తెరతో తమ ఒళ్లోని చేట అంచు మీద కొడతారు. సగంమంది కొట్టారంటే దానికి నూకలు చెల్లినట్టే, రాసినవాడు ఎంత పేరున్నవాడైనా సరే. జమీందార్లూ, హంతకులూ, కవలపిల్లలూ ఎందరో ఆ చేటల ముందు ప్రాణాలు వదిలారు.

ఆ వానాకాలం మొదలైన సీరియల్‌లో హంతకుడు లేడు. కొబ్బరిపీచుతో తాళ్లు పేనే దేవకి అనే ఆవిడ కథ. కుట్టాప్పుకు అది ప్రాణమైపోయింది. పనికి వచ్చే దారిలో కూడా దేవకి గురించే ఆలోచించేవాడు. కానీ ముప్ఫైమంది ఆవులింతలు చూసి, మూడో వారం చేటలు మోగుతాయని భయపడ్డాడు. అందుకే రెండో వారం నుంచి అక్కడక్కడా కొన్ని పేరాలు మింగేసి, త్వరగా కథలోకి దూకసాగాడు. కథను కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం.

మూడో భాగం ముగించి పత్రిక మూసి, వద్దనేవాళ్లెవరని అడిగాడు.

"ఏట్టా, ఈ దేవకి ఎందుకేడుస్తోందో నీకైనా తెలుసా?" అంది నాణి. అన్నను అక్కడ ఏట్టా అంటారు. ఆ షెడ్డులో పదునైన కత్తెర కన్నా ఆమె నోరే పదును. "పోయిన వారం బాగానే ఉంది, ఇవాళ ఏడుపు. మా అత్త నయం, కారణం చెప్పి ఏడుస్తుంది."

అందరూ నవ్వారు. నాణి చేట మీద కత్తెర టక్కుమంది. ఇంకొకటి, మరొకటి. పన్నెండు వరకూ కుట్టాప్పు లెక్కపెట్టాడు.

"ఆగండి." కిటికీ పక్కనుంచి చాత్తు అన్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఒక్క అక్షరం రాదు. "కుట్టాప్పూ, మింగేసింది కక్కు."

"ఏం మింగాను ఏట్టా?"

"నువ్వు ఒక పుట చదివేలోగా నాకు ఎనిమిది బీడీలవుతాయి. ఇరవై రెండేళ్లుగా అంతే. ఇవాళ రెండో పుట అయిదు బీడీలకే అయిపోయింది. పోయిన వారం చివరి పుట ఆరు."

షెడ్డంతా చేతులు ఆగాయి. కుట్టాప్పుకు సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యమే. తాను పుస్తకంలోకి చూస్తున్నన్నాళ్లూ ఈ ముసలాయన వేళ్లు తనను చదువుతూనే ఉన్నాయి.

"వదిలేశాను," అన్నాడు మెల్లగా. "మీకు విసుగొస్తుందని. కథ ఆగిపోతుందేమోనని భయమేసింది."

"విసుగు మాది," అన్నాడు చాత్తు. "నీకెందుకు? చదువు."

పత్రిక తెరిచాడు. వదిలేసిన పేరాలో ఏమీ జరగదు. దేవకి తాడు పేనుతూ ఉంటుంది. బొటనవేలి పక్కన చర్మం పగిలి, ఉప్పునీట నానిన పీచు తగిలినప్పుడల్లా చురుక్కుమంటుంది. చేతులు వాటంతటవే పని చేసుకుపోతుంటే మనసు ఎక్కడో చనిపోయిన చెల్లెలి దగ్గర ఉంటుంది. మెలికలు గుర్తుండవు. చూసుకునేసరికి తాడు బారెడు పెరిగి ఉంటుంది. అప్పుడు ఏడుస్తుంది.

చదువుతూ చదువుతూ తలెత్తాడు. ఒక్కరూ చుట్టడం లేదు. నాణి తన బొటనవేలి పక్కన ఆకు కోసిన గీతలను చూసుకుంటోంది. ఆమె నోరు అలా మూతపడి ఉండడం కుట్టాప్పు ఎన్నడూ చూడలేదు. అతను తన వేళ్లు చూసుకున్నాడు. మెత్తగా, నున్నగా ఉన్నాయి. ఈ పేరాను తానెందుకు దాటేశాడో అప్పుడు అర్థమైంది.

"మళ్లీ అడుగు," అంది నాణి.

"ఏమిటి?"

"వద్దనేవాళ్లెవరో మళ్లీ అడుగు."

అడిగాడు. ఒక్క కత్తెరా మోగలేదు.

"నన్ను ఈ బల్ల మీద నుంచి దింపేస్తారా?" అన్నాడు కుట్టాప్పు.

"దింపితే బీడీలు చుట్టాలి నువ్వు. ఆ వేళ్లతో చుట్టిన బీడీ కాల్చేవాడు ఏం పాపం చేశాడు?" అంది నాణి.

తర్వాతి వారం నాలుగో భాగం వచ్చింది. మొదటి పుట అక్షరం వదలకుండా చదివి, కుట్టాప్పు కిటికీ వైపు చూశాడు. చాత్తు చేటలో కొత్తగా చుట్టినవి ఎనిమిది ఉన్నాయి. ముసలాయన తలెత్తకుండానే తొమ్మిదో ఆకు అందుకున్నాడు. కుట్టాప్పు పుట తిప్పాడు.